మూడు చక్రాల బండికి రంగేసిన రోజు

ఆ రోజుల్లో నా చేతికి కుంచె దొరికితే ఇంట్లో పాతదన్నది మిగిలేది కాదు. గిద్దలూరులో ఒక బడిలో డ్రాయింగ్ టీచరుగా కొత్తగా చేరినాను మరి. (అప్పటికే మా తలుపులకూ, మేకల దొడ్డి గేటుకూ రంగులు పడినాయి. మేకలు ఏమీ అనలేదు.) అట్లాంటి నా కన్ను రాచర్ల దగ్గర మా ఊరింట్లో అటక మీదున్న మూడు చక్రాల బండి మీద పడింది. తాత వేపకొయ్యతో చేసిన నడకబండి అది. నాయన, అత్తలు, తర్వాత మేము, అందరం దాని పిడి పట్టుకునే నడక నేర్చినాం. ఇప్పుడు అక్క కొడుకు వంతు. వాడొచ్చేలోపు దాన్ని కొత్తదాని లెక్క చేసి చూపించాలని నా పట్టుదల.

అవ్వ గొర్రెల వెంట పోయిన పూట చూసి పని పట్టినాను. గరుకు కాగితంతో రుద్ది, పిడి మీది గుంటలన్నీ లప్పం పెట్టి పూడ్చి, నిగనిగలాడే ఎర్రరంగు వేసినాను. నాయన చూసి షోరూములో పెట్టొచ్చన్నాడు. ఇక అవ్వ మెచ్చుకోలు ఒక్కటే బాకీ అని వాకిట్లోనే నిలబడినాను.

అవ్వ వచ్చి బండి చుట్టూ తిరిగింది. పిడి తడిమింది. (రంగు ఇంకా ఆరలేదు, అరచెయ్యి ఎర్రగా అయింది.)

"పండ్ల గాట్లు యాడ పోయినాయి పాపా?" అని అడిగింది.

నేను పూడ్చిన గుంటలు అవేనంట. పండ్లొచ్చే వయసులో ఒక్కొక్కరం ఒక్కొక్క చోట కొరికినామంట. అందరికంటే ఎక్కువ కొరికింది నేనేనంట. అంతే చెప్పి, కోప్పడకుండా గొర్రెలకు నీళ్ళు పెట్టను పోయింది. కోప్పడినా బాగుండునే అనిపించింది.

మూడు రోజులు గాజుపెంకుతో గీకినాను. లప్పాన్ని దబ్బనంతో తవ్వినాను. ఒక్కొక్క గాటూ బయటపడుతుంటే అవ్వ పక్కన కూర్చొని, ఇది మీ నాయనది, ఇది చిన్నత్తది అని చెప్తూ పోయింది. నాయన తన గాటు మీద బొటనవేలు ఆనించి కొలత చూసుకున్నాడు. అక్క వచ్చి కొడుకును దించితే, వాడు నడక సంగతి పక్కనబెట్టి ముందు పిడి కొరికినాడు.

"మా మనవరాలు టీచరు. మూడు దినాలు గీకి మా బండి మాకు తెచ్చిచ్చింది" అని అవ్వ ఊరంతా చెప్పుకున్నింది. డ్రాయింగ్ టీచరుగా నాకొచ్చిన మొదటి పేరు రంగు తీసేసినందుకు! ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నడుము కొంచెం నిటారవుతుంది.

ఆ బండి ఇప్పుడు గిద్దలూరులో మా ఇంట్లోనే ఉంది. వచ్చినవాళ్ళు ఒక కోటింగ్ కొడితే కొత్తదైపోద్ది కదా అంటే, కూర్చోబెట్టి పాఠం చెప్తాను. అవ్వకు కూడా చెప్పని మాట ఒకటుంది. పిడి కంటే ముందే ఆరిన పలక ఎరుపు మీద నేను రెండు చిలకల బొమ్మలు దించినాను. భలే కుదిరినాయి. వాటిని మాత్రం మనసొప్పక అన్నిటికంటే చివర గీకినాను.