అమ్మ పక్కచూపు

చొక్కాలకు కాజాలు కుట్టి బతికే ఆమెను వీధిలో అందరూ కాజాలక్క అనేవారు. దారపు ఉండ కొన్నా విప్పి కొలుచుకుంటే గాని నమ్మే రకం కాదు. అలాంటి మనిషి, ఊహ తెలియక ముందే పోయిన తల్లి ఒక్కగానొక్క ఫోటోను కొత్త పటం కట్టమని పరాయివాడి చేతిలో పెట్టి వచ్చిందంటే, పాత చట్రాన్ని చెదలు తినేయబట్టే.

ఆ ఫోటోలో అమ్మ ముఖం పక్కకు తిప్పుకుని ఉండేది. "మీ అమ్మకు మహా టెక్కు. నిన్నెత్తుకుంటే చీర నలుగుతుందనేది," అని, తరువాత వచ్చి తనను పెంచిన పిన్ని చెప్పినప్పుడల్లా ఆ పక్కచూపు నిజమేనన్నట్టు వంత పాడేది.

కొట్లో కొత్త పటం చూడగానే కాజాలక్క కళ్లు చిట్లించింది. పటం వెడల్పయింది. అమ్మ చూస్తున్న వైపు, స్టూలు మీద ఓ పాప నిలబడి ఉంది. పడిపోకుండా అమ్మ చెయ్యి దాని నడుము పట్టుకుంది. అదే ముఖం, అదే చూపు; టెక్కు మాత్రం ఏమైపోయిందో.

"ఎవరి పిల్లను తెచ్చి అతికించావయ్యా?"

పటాలు కట్టే ఆయన గోరు గిల్లుకుంటూ అన్నాడు. "నేను అద్దాలు కోసేవాణ్ణమ్మా, పిల్లల్ని పుట్టించేవాణ్ణి కాదు. ఫోటో వెనక్కి మడిచి ఉంది. విప్పి పరిచానంతే."

"ఈ రోజుల్లో కంప్యూటర్లో ఏమైనా చేస్తారుగా."

ఆయన విసుక్కోకుండా అద్దం తీసి ఫోటో చేతికిచ్చాడు. ఆమె బొటనవేలితో మెల్లగా తడిమింది. అతుకన్నది ఉంటే ఆ వేలిని దాటిపోలేదు. తగిలింది మడత గీత ఒక్కటే. పాప గడ్డం మీద పుట్టుమచ్చ ఉంది. ఆమె చెయ్యి తన గడ్డం మీదికి పోయింది.

అనుమానం ఆయన్ని వదిలింది గాని ఆమెను వదల్లేదు. ఇంటిదాకా వెంట నడిచింది.

పిన్ని గుమ్మం దగ్గర కూర్చుని తెల్ల గుండీలు ఒక గిన్నెలోకి, నల్లవి ఒక గిన్నెలోకి ఏరుతోంది.

"పిన్నీ, దీన్ని మడిచిందెవరు?"

"నేనే. చట్రం చిన్నది దొరికింది. కత్తిరిస్తే పాడవుతుందని మడిచాను. అదీ తప్పేనా తల్లీ?"

సబబుగానే ఉంది. కాజాలక్క సరేననబోయి, పటం రెండో వైపు చూసింది. అటు బెత్తెడు మేర వెల్ల వేసిన గోడ తప్ప ఏమీ లేదు.

"ఇటు ఉత్త గోడేగా పిన్నీ. ఇటు మడవచ్చుగా."

పిన్ని తలెత్తలేదు, ఏరడం ఆపలేదు. తెల్ల గుండీల గిన్నెలో ఒక నల్లది పడింది.