పై పట్టీ

సీట్ల మేస్త్రీకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎవరైనా కారు తెచ్చి "సీట్లకి ఏదో ఒకటి తొడిగెయ్యండి, చాలు" అన్నారో, అయిపోయారే. "ఏదో ఒకటి తొడగడానికి నేనెందుకు? పాత దుప్పటి కప్పుకుని పొండి" అని గుమ్మంలోంచే వెనక్కి తోలేస్తాడు. వాళ్లు మళ్లీ వారానికి బతిమాలుకుంటూ వస్తారు. ఎందుకంటే అతని చెయ్యి పడిన సీటులో ముడత అనేది కనిపించదు.

ముప్పై ఎనిమిదేళ్లుగా అదే దుకాణం. దుకాణమంటే ఒక కారు పట్టే షెడ్డు, వెనక ఒక గది. గదిలో గోడ పొడవునా రెగ్జిన్ చుట్టలు, నేల మీద స్పాంజి పలకలు, కిటికీ దగ్గర నల్లటి కుట్టుమిషను. ఏ వస్తువూ వంకరగా ఉండదు. ముఖ్యంగా ఏదీ వేలాడకూడదు. వేలాడేది కంటబడితే అతనికి ఒళ్లు మంట. ఇంట్లో తలుపు తెర అంచున పోగు వేలాడినా సరే, అన్నం మధ్యలో లేచి వెళ్లి కత్తిరించి వస్తాడు. "నయం, నా చెవులకి వేలాడేవి పెట్టుకోనిచ్చారు" అంటుంది భార్య.

ఆ మేస్త్రీకి ఒక్కగానొక్క మనవరాలు. నాలుగేళ్లు. బళ్లో పేరొకటుంది గానీ ఇంట్లో అందరికీ అది బుడంకాయే. కూతురూ అల్లుడూ ఉద్యోగాలకి వెళ్తూ రోజూ దాన్ని కారులో తీసుకెళ్లి, ఊరికి ఆ చివరనున్న బడి దగ్గర దింపుతారు. పుట్టినప్పటి నుంచి వాడిన పిల్లల సీటు ఇప్పుడు చాలడం లేదు. బెల్టు బయటికొచ్చే రంధ్రాలు దాని భుజాల కిందికి వెళ్లిపోయాయి. కొత్తది కొనాలని కూతురు అంటే, "సీటు మాటొస్తే ఈ ఇంట్లో మాట్లాడాల్సింది నేను" అని మేస్త్రీ చెప్పులేసుకుని, బుడంకాయని వెంటబెట్టుకుని బయల్దేరాడు.

పిల్లల సామాన్ల దుకాణంలో ఇరవై రకాల సీట్లు వరసగా పెట్టి ఉన్నాయి. మేస్త్రీ ఒక్కో దాని దగ్గరా ఆగి పిడికిలితో నొక్కాడు, బట్టని వేళ్ల మధ్య నలిపాడు, లోపలి కుట్లు తిప్పి చూసి పెదవి విరిచాడు. చివరికి అన్నిటికంటే మెత్తగా ఉన్నదాన్ని చంకన పెట్టుకున్నాడు.

"మేస్త్రీగారూ, అది కిందపెట్టండి" అంది వెనక నుంచి ఒక గొంతు. యాభై ఏళ్ల మనిషి. బక్కపలచటి ఒళ్లు, మెడలో కొలత టేపు. కొన్న ప్రతి సీటునీ కారులో పెట్టి, బెల్టులు లాగి చూసి గానీ పంపదు కాబట్టి ఆవిడని అందరూ బెల్టులమ్మ అంటారు. "మీరు సీటుని నొక్కుతున్నారు. నేను పాపని కొలవాలి."

"నాలుగేళ్లు దానికి."

"వయసు కాగితం మీద ఉంటుంది. భుజాలు ఒంటి మీద ఉంటాయి. రా తల్లీ!"

బుడంకాయని గోడకి నిలబెట్టి ఎత్తు చూసింది, తూకం ఎక్కించింది. మూడు సీట్లలో మార్చి మార్చి కూర్చోబెట్టి, భుజానికీ రంధ్రానికీ మధ్య వేలు పెట్టి చూసింది. నాలుగోది ఖాయం చేసింది. అది మేస్త్రీకి బొత్తిగా నచ్చలేదు. చెక్కలా ఉంది.

"కారు తీసుకురండి, బిగించి ఇస్తాను" అంది బెల్టులమ్మ.

"కార్ల సీట్లలో పుట్టి పెరిగినవాణ్ణి. నాకు బిగించి ఇస్తారా!" అని మేస్త్రీ సీటు ఎత్తుకుని వచ్చేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

ఆదివారం పొద్దున్నంతా ఆ పనే. అల్లుడి కారుకి అంతకుముందే కొత్త తొడుగులు వేసి ఉన్నాడు. దాని మీద పిల్లల సీటు పెట్టి, కారు బెల్టు తిప్పి బిగించాడు. చెక్కలా ఉందని రెండంగుళాల స్పాంజితో పరుపు కుట్టి దాంట్లో వేశాడు. అంతా అయ్యాక సీటు వీపు వెనక నుంచి ఒక పొడవాటి పట్టీ, చివర కొక్కెంతో, బయటికి వేలాడుతూ కనిపించింది. ఎత్తుకెళ్లడానికి పెట్టి ఉంటారనుకున్నాడు. దాన్ని అలా చూస్తూ ఊరుకోగలడా? సీటు వెనక ముచ్చటగా ఒక జేబు కుట్టి, పట్టీని మడిచి అందులో దోపేశాడు.

"మామయ్యగారూ, మహారాణి సింహాసనంలా ఉంది" అన్నాడు అల్లుడు. మేస్త్రీ ఆ పూట ఒక ముద్ద ఎక్కువే తిన్నాడు.

కూతురికి మాత్రం మనసు ఒప్పలేదు. "ఒక్కసారి ఆవిడకి చూపించి వెళ్దాం నాన్నా, మన సొమ్మేం పోయింది" అని మర్నాడు కారుని తిన్నగా బెల్టులమ్మ దుకాణం ముందు ఆపింది. మేస్త్రీ మూతి ముడుచుకుని ముందు సీట్లోనే కూర్చున్నాడు.

బెల్టులమ్మ వెనక తలుపు తీసి, పిల్లల సీటుని బెల్టు దగ్గర పట్టుకుని ఊపింది. అది జానెడు అటు, జానెడు ఇటు ఊగింది. పరుపు తీసి మేస్త్రీ చేతికిచ్చింది.

"ఇది ఎంత మందం?"

"రెండంగుళాలు. మేలు రకం స్పాంజి" అన్నాడు మేస్త్రీ.

"గట్టిగా అదిమితే?"

"అదిమితే ఏముంటుందమ్మా, స్పాంజి అంటేనే గాలి. కాగితమంత..." అని మాట మధ్యలో ఆగిపోయాడు.

"కారు దేన్నైనా గుద్దితే అది కాగితమంతే అవుతుంది. బెల్టు రెండంగుళాలు వదులైపోతుంది. పాప ఆ వదులులోంచి ముందుకొస్తుంది" అని, "పై పట్టీ ఏది?" అని అడిగింది.

మేస్త్రీ కిందికి దిగి జేబు చూపించాడు. బెల్టులమ్మ ఆ జేబుని చాలాసేపు చూసింది. నవ్వలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"కుట్టు మాత్రం అద్భుతం" అంది. "ఇప్పుడు సీటు నెత్తి మీద చెయ్యి పెట్టి ముందుకి తొయ్యండి."

తోశాడు. సీటు మొత్తం ముందుకి వంగింది, ఎవరికో నమస్కారం పెడుతున్నట్టు.

"పాప తల ఎంత ముందుకి పోయిందో చూశారా? అలా పోకుండా వెనక నుంచి పట్టుకునేది ఈ పట్టీయే. కారు పెద్ద సీటు వీపు వెనక ఇనప కడ్డీ ఉంటుంది, కొక్కెం దానికి తగిలించాలి. ఈ కారులో కడ్డీ ఎక్కడుంది?"

ఎక్కడుందో మేస్త్రీకి తెలుసు. ఆ కడ్డీ ఎత్తుగా కనబడి తొడుగు మీద గడ్డలా వస్తోందని, స్పాంజి ముక్క పెట్టి చదును చేసి మరీ కుట్టేశాడు. ఈ ఒక్క కారుకేనా? పిల్లలున్న ఇళ్ల కార్లు ఎన్ని తన చేతి మీదుగా పోయాయో! తల తీసేసినట్టయింది అతనికి. అక్కడే, నలుగురూ చూస్తుండగా, తన తొడుగుని తానే నిలువునా కోశాడు. ఇనప కడ్డీ బయటపడింది.

బెల్టులమ్మ తను చెయ్యి వెయ్యలేదు, అతని చేతే చేయించింది. సీటులో మోకాలు పెట్టి ఒళ్లంతా బరువు వేయమంది. బెల్టు లాగమంది. కొక్కెం తగిలించి, పట్టీ బిగించమంది. పాపని కూర్చోబెట్టి, భుజం మీద బెల్టుని రెండు వేళ్లతో గిల్లి చూడమంది. గిల్లితే మడత రాకూడదట. చివరికి "ఊపండి" అంది. మేస్త్రీ పట్టుకుని ఊపాడు. సీటు కదల్లేదు. కారు కదిలింది. లోపల కూర్చున్న బుడంకాయ కిలకిలా నవ్వింది. ముప్పై ఎనిమిదేళ్లు సీట్ల మధ్యే బతికాడు గానీ, సీటంటే కూర్చునేది అనే అనుకున్నాడు. మనిషిని పట్టుకునేది అని ఆ రోజే తెలిసింది.

అప్పటి నుంచి అతని దుకాణానికి కారు వస్తే మొదటి ప్రశ్న మారింది. "ఏ రంగు?" కాదు, "ఇంట్లో పిల్లలున్నారా?" పాత ఖాతాదార్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పిలిపించి, ఊరికే తొడుగులు కోసి, కడ్డీలకి దారులు తీసి, అంచులు కుట్టి ఇచ్చాడు. మేస్త్రీకి మతి పోయిందని కొందరన్నారు. అన్నవాళ్ల కార్లకీ చేసిపెట్టాడు.

నాలుగు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం అల్లుడు ఫోన్ చేశాడు.

"మామయ్యగారూ, ముందు వెళ్తున్న ట్రక్కు ఉన్నట్టుండి ఆగిపోయింది... గుద్దేశాం. ఆస్పత్రిలో ఉన్నాం. మీరు రండి."

"బుడంకాయ?" అన్నాడు మేస్త్రీ. అప్పటికే లైను తెగిపోయింది.

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. ఆటోలో భార్య ఏదో అంటోంది, ఒక్క ముక్కా బుర్రకెక్కడం లేదు. మొన్న ఆదివారం ఆ కారు తొడుగులు ఉతకడానికి విప్పింది తనే. ఉతికాడు, పిండాడు, నీడలో ఆరేశాడు, సాయంత్రం తొడిగాడు. సీటు తిరిగి పెట్టాడు, బెల్టు లాగాడు. కొక్కెం? కొక్కెం తగిలించాడా? పొరపాటున పాత అలవాటు కొద్దీ మడిచి లోపలికి దోపేశాడా? తొడుగు రంగు, ఆరేసిన తీగ, దాని మీద వాలిన కాకి, అన్నీ గుర్తొస్తున్నాయి. కొక్కెం మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. పిల్లకేమైనా అయితే తన చేతులతో తనే చేసినట్టు. ఆ మాట భార్యకి చెప్పలేక తన రెండు చేతులకేసీ చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆస్పత్రిలో కూతురి చేతికి పిండికట్టు వేస్తున్నారు. అల్లుడి నుదుటి మీద ఆరు కుట్లు. పక్క మంచం మీద బుడంకాయ కాళ్లు ఊపుకుంటూ కూర్చుని ఉంది.

"తాతా, నా చెప్పు ఒకటి పోయింది" అంది కోపంగా.

మేస్త్రీ దాని ముందు కూలబడ్డాడు. గౌను మెడ పక్కకి తీసి చూశాడు. రెండు భుజాల మీదా బెల్టు వెడల్పున ఎర్రటి చారలు. అంతే. మెడ తిప్పి చూశారట, పొట్ట నొక్కి చూశారట, ఎక్కడా ఏమీ లేదట. "ఆ కారు చూసినవాళ్లెవరూ నమ్మరు" అన్నాడు డాక్టరు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ దెబ్బతిన్న కార్లు పెట్టే షెడ్డుకి వెళ్లాడు. ముందుభాగం నలిగిన రేకు డబ్బాలా ఉంది. వెనక తలుపు కాపలాదారు గడ్డపారతో తెరిచి పెట్టాడు. మేస్త్రీ దేన్నీ చూడకుండా, వంగి, సీటు వీపు వెనక చెయ్యి పెట్టాడు. కొక్కెం కడ్డీకే ఉంది. తనే తగిలించాడు! అప్పుడు గానీ ఊపిరి ఆడలేదు.

కానీ పట్టీ పొడుగ్గా సాగి వదులుగా ఉంది. పైకి లాక్కుని చూశాడు. పట్టీని ఒకచోట మడతగా పెట్టి అడ్డంగా తొమ్మిది వరసలు కుట్టి ఉన్నాయి. వాటిలో చాలా వరకు తెగిపోయాయి! "ఎవడు కుట్టాడురా ఇది, దొంగ కుట్టు..." అని తిట్టబోయి, అలవాటు కొద్దీ కుట్టుని వెలుగులోకి తిప్పాడు. కొక్కెం దగ్గరి కుట్టు పోగు కూడా కదల్లేదు. అక్కడ లావు దారం. మడత దగ్గర మాత్రం సన్న దారం. ఒకే చెయ్యి, ఒకే పట్టీ, రెండు దారాలు. తెగినవి కూడా అడ్డదిడ్డంగా తెగలేదు. మొదటిది, తర్వాత రెండోది, తర్వాత మూడోది, వరసగా, ఒకదాని తర్వాత ఒకటి. ఒక్కో వరస తెగుతూ ఆ విసురుని కాస్త కాస్త మింగింది. ఏడు వరసలు తెగేసరికి విసురు అయిపోయింది. పిల్ల ఆగింది.

తెగాలనే కుట్టారు.

మేస్త్రీ ఆ నలిగిన కారులోనే కూర్చుండిపోయాడు. తెగని కుట్టు వేయడమే పనితనమని జీవితమంతా అనుకున్నాడు. ఎక్కడో ఎవరో, ముఖం తెలియని మనిషి, ఎప్పుడు తెగాలో, ఎంత మెల్లగా తెగాలో లెక్కగట్టి ఇది కుట్టాడు. బుడంకాయ ఎవరో అతనికి తెలియదు. అయినా దాని కోసం ఏడు వరసలు సిద్ధం చేసి పెట్టాడు. ఆ చేతులకి మనసులోనే మొక్కుతూ, నిన్నటి నుంచి రాని ఏడుపు ఏడ్చాడు.

కాపలాదారు దగ్గరికొచ్చాడు. "పెద్దాయనా, ఆ పిల్లల సీటు చెక్కుచెదరలేదు. మీరు ఎలాగూ కొత్తది కొంటారు కదా. నాకిచ్చెయ్యండి, మావాడికి పనికొస్తుంది."

"ఇది ఇవ్వకూడదయ్యా. ఒకసారి గుద్దుకున్న సీటు మళ్లీ వాడకూడదు. కోసి పారెయ్యాలి."

"ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పండి. బంగారంలాంటి వస్తువుని కొయ్యడమేంటి?"

ఇంకో రోజైతే మేస్త్రీ గయ్యిమనేవాడు. ఇవాళ అతని చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, వేలు తీసుకెళ్లి పట్టీ మీద పెట్టాడు. "తడిమి చూడు. తెగినవి ఎన్ని?"

కాపలాదారు వేలు మెల్లగా ఒక్కో వరసా దాటింది. "ఏడు."

"మిగిలినవి?"

"రెండు."

"నిన్న నా మనవరాలికి ఏడు కావాల్సొచ్చాయి. నీ కొడుక్కి రెండు చాలుతాయా?"

కాపలాదారు లోపలికి వెళ్లి ఒక కత్తి తెచ్చి మేస్త్రీ చేతికిచ్చాడు. అతను కొయ్యడానికి వీలుగా, పట్టీని రెండు చేతులతో తనే బిగించి పట్టుకున్నాడు.