ఫ్యాను వేగం సున్నా

సోమవారం ఉదయం పదిన్నరకు నందకుమార్ ఆ కంప్యూటర్ పక్క రేకు తీశాడు. ప్రాసెసర్‌ను చల్లబరిచే ఫ్యాను రెక్కల సందున ఎండిన గంధం పెళ్ల ఇరుక్కుని ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే గానీ ఊడలేదు. మదర్‌బోర్డు ఒక మూల నల్లగా కమిలిపోయింది.

తిరుత్తణిలో అతనిది ఇరవై రెండేళ్ల పని. ఏ కంప్యూటర్ బాగుచేసినా ఫ్యాను నడిమధ్యన గంధం బొట్టు, దాని మీద కుంకుమ పెట్టి గానీ మూత వేయడు. తోటి మెకానిక్కులు నవ్వేవాళ్లు. పని చేయించుకున్న వాళ్లకు మాత్రం ఆ బొట్టంటే గురి.

ఈ కంప్యూటర్ రక్తపరీక్షల ల్యాబుది. యజమాని దామోదరన్ అతనికి వరసకు మామ. రెండేళ్ల కిందట ఫ్యాను బాగానే తిరుగుతున్నా తెర మీద వేగం సున్నా అని రావడం మొదలైంది. వేగం తెలిపే తీగ తెగింది. దాన్ని మార్చకుండా నందకుమార్ సెట్టింగుల్లోకి వెళ్లి, ఫ్యాను ఆగితే మోగే హెచ్చరికను ఆపేశాడు. వేడిని చూపే ప్రోగ్రామూ ఆ బోర్డుకు సరిపడేది కాదు. నడి మే నెలలో మైనస్ యాభై అయిదు డిగ్రీలు అని చూపింది.

"తిరుత్తణిలో మంచు పడతా ఉండాది కోకిలా, స్వెట్టరు ఏసుకో," అని నవ్వాడతను. "ఇవన్నీ అబద్ధాలు. చూడబాక."

కోకిల అక్కడ రిపోర్టులు టైపు చేస్తుంది. తిరునిన్రవూరు నుంచి రోజూ రైల్లో వస్తుంది. భర్త మంచం పట్టి ఆరేళ్లు. ఇంట్లో వేరే జీతం లేదు. నందకుమార్ చెప్పినట్టే తెర మీది అంకెలు చూడడం మానేసింది. అతను పెట్టినట్టే ప్రతి శుక్రవారం పాత బొట్టు మీద కొత్త బొట్టు పెట్టింది. గాలి ఆడాలని ఆ రేకుకు స్క్రూలు బిగించకుండా వదిలింది కూడా అతనే.

శనివారం ఆమె ఫోన్ చేసింది.

"అన్నా, ఫ్యాను సద్దు ఇనపళ్లేదు. వేడి తొంభై ఎనిమిది చూపిస్తా ఉండాది."

"మైనస్సు చూపించే మిషను తొంభై ఎనిమిది అంటే నమ్మేస్తావా? టైపు చేసుకోమ్మా."

సాయంత్రానికి కంప్యూటర్ ఆగిపోయింది.

ఇప్పుడు నందకుమార్ హార్డ్ డిస్క్ ఊడదీసి తన ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. రిపోర్టులన్నీ ఉన్నాయి. వేడి చూపే ప్రోగ్రామ్ ఫైళ్లూ తెరిచాడు. పోయిన నెల పద్నాలుగున అది దానంతటదే అప్‌డేట్ అయింది. ఆ రోజు నుంచి చూపినవన్నీ సరైన అంకెలే. తొంభై ఎనిమిదీ నిజమే.

దామోదరన్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఏం అల్లుడూ, ఎవరి తప్పు? వేడి ఎక్కతా ఉంటే ఈమె కండ్లు మూసుకోని టైపు కొట్టినాదా?"

"నేను అన్నకు ఫోన్ చేసినాను సార్," అంది కోకిల. "చెప్పన్నా."

నందకుమార్ జేబులోని ఫోనులో ఆ కాల్ ఉంది. ఒక నిమిషం యాభై సెకన్లు. బజారులో సగం అంగళ్ల కంప్యూటర్లు అతని చేతి మీదే నడుస్తున్నాయి. గంధం పెళ్లను గుప్పిట్లో పట్టుకున్నాడు.

"చేసినట్టుండాది మామా. లైను సరిగా లేదు. ఏం చెప్పిందో ఇనపళ్లే."

కోకిల అతని వైపు తిరిగింది. "ఇనపడకుండానే టైపు చేసుకోమన్నావా అన్నా?"

అతను టేబుల్ మీది స్క్రూలు ఏరుకుంటున్నాడు.

"సరి, చాలు," అన్నాడు దామోదరన్. "రేపట్నుంచి నువ్వు రావద్దమ్మా."

ఆమె టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుంది. అలవాటు కొద్దీ ప్రింటర్ స్విచ్ ఆపి మరీ వెళ్లింది.

బుధవారం నందకుమార్ కొత్త బోర్డు, కొత్త ఫ్యాను బిగించాడు. తెర మీద వేగం పదకొండు వందల ఎనభై అని సరిగా వచ్చింది. కోకిల కుర్చీలో ప్రియదర్శిని అనే కొత్తమ్మాయి కూర్చుంది. బొట్టు పెట్టకుండానే అతను మూత వేసి, ఈసారి నాలుగు స్క్రూలూ బిగించాడు.

ఫ్యాను మీద బొట్టు పెట్టి, హెచ్చరికను అతను అలాగే ఆపేసిన కంప్యూటర్లు బజారులో ఇంకా పదిహేడున్నాయి. వాటిని మళ్లీ విప్పితే ఎందుకని అడుగుతారు. అతను ఒక్కరికీ ఫోన్ చేయలేదు.