భద్రం గారు తాగలేదు

వీరభద్రరావు గారు కన్నుమూశారన్న వార్త నాకు ఆసుపత్రి వరండాలోంచి ఆయన భార్య వరలక్ష్మి గారే ఫోనులో చెప్పారు. "అమ్మాయ్, మీ బాబాయి గారు వెళ్ళిపోయేరమ్మా" అన్నారు, అంతే. కాలేయం పూర్తిగా చెడిపోయిందనీ, ఇక ఆశ పెట్టుకోవద్దనీ వైద్యులు ముందే చెప్పి ఉన్నారు. ముందే తెలిసిన మరణం కాస్త తేలికగా తగులుతుందని అనుకునేదాన్ని. అది అబద్ధం. వంటింటి గట్టు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకు గుర్తులేదు.

ఆ దిగ్భ్రాంతి తీరకముందే, ఆయన భౌతికకాయం ఇంకా అమలాపురం చేరకముందే, మా వీధిలో కూరల బండి దగ్గర ఒకావిడ నన్ను ఆపి, గొంతు తగ్గించి అడిగింది: "మీ కౌన్సెలింగు ఆయన పోయేరంట గదండీ. మళ్ళీ తాగుడు మొదలెట్టేరంట, నిజమేనాండీ?"

నిజం కాదు. భద్రం గారు తాగలేదు. ఈ నివాళి రాయడానికి నాకున్న మొదటి కారణం ఆ ఒక్క వాక్యం. సంస్మరణ సౌమ్యంగా ఉండాలని పెద్దలంటారు. నాకు చేతకావడం లేదు. దుఃఖానికంటే ముందు కోపమే తన్నుకొస్తోంది. దాన్ని దాచిపెట్టి పువ్వులు చల్లితే, ఆ మనిషికే నచ్చదు.

ఆయన్ని ఎరగని పాఠకుల కోసం చెబుతాను. వీరభద్రరావు గారు ఒకప్పుడు బస్సు కండక్టరు. తాగి డ్యూటీ ఎక్కినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఆ సంగతి ఆయన ఎన్నడూ దాచలేదు. తాగుడు మానాక విశాఖపట్నంలో ఒక వ్యసన విముక్తి కేంద్రంలో శిక్షణ పొంది, తిరిగొచ్చి, కోనసీమలో ఇంటింటికీ వెళ్ళే కౌన్సెలరయ్యారు. మద్యానికో గంజాయికో బానిసైన మనిషిని కేంద్రంలో చేర్చి, కొన్నాళ్ళకి ఇంటికి తెచ్చుకుంటే పని పూర్తయిందని మనం అనుకుంటాం. అసలు పని అప్పుడే మొదలవుతుందని ఆయన సిద్ధాంతం. తిరిగొచ్చిన మనిషికి అదే ఇల్లు, అవే తగాదాలు, అవే అనుమానపు చూపులు. అందుకని ఆయన ఆ ఇంటికే వెళ్ళి కూర్చునేవారు. తల్లినీ తండ్రినీ భార్యనీ ఎదిగిన పిల్లల్నీ అందర్నీ కూర్చోబెట్టి, తాగే మనిషిని చిట్టచివర పలకరించేవారు.

"ఆయన సంగతి తర్వాత చూద్దామండి. మీకు నిద్దరెలా పడుతోంది, ముందది చెప్పండి" అనేవారు ఇల్లాలితో. జీవితంలో ఆ ప్రశ్న ఎవరూ అడగని స్త్రీలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం ఆయన వెంట తిరుగుతూ నేను కళ్ళారా చూశాను.

శాంతమూర్తి అని మాత్రం అనుకోకండి. ఆయనకి కోపం మెండు. రాజోలు వైపు ఒక ఇంట్లో, భర్తకి తెలియకుండా పులుసులో ఏదో పొడి కలిపి పెడుతున్నారు. తాగుడు మాన్పిస్తుందని ఎవరో అమ్మిన పొడి. అది కడుపులో ఉండగా అతను తాగాడు. మొహం కందిపోయి, గుండె దడదడలాడి, చచ్చి బతికాడు. భద్రం గారు ఆ ఇంట్లో అరిచిన అరుపు వీధిలోకి వినిపించింది. "మీకు తెలీకుండా మీ అన్నంలో ఎవరన్నా ఏదన్నా కలిపితే, రేపా కంచం ముందు కూచుంటారా అమ్మా? తాగుడు మానడం మాట దేవుడెరుగు, ఆ మనిషింక ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా నమ్మడు!" అన్నారు. బయటికొచ్చాక చొక్కా జేబులోంచి బెల్లం ముక్క తీసి నోట్లో వేసుకుని, మెట్ల మీద కూర్చున్నారు. తాగుడు మానినవాళ్ళకి తీపి మీద యావ ఉంటుందని ఆయనే చెప్పేవారు. ఆయన జేబెప్పుడూ చీమల పాలే.

ఇంటాయన అయ్యప్ప మాల వేసుకున్నన్నాళ్ళూ చుక్క ముట్టరు గదా అని కుటుంబాలు సంబరపడి ఆయనకి ఫోను చేసేవి. "సంతోషమండీ. మాల తీసిన రోజు చెయ్యండి, వస్తాను" అనేవారు. ఆ రోజు తప్పకుండా వెళ్ళేవారు కూడా.

ఇక నాకు మింగుడుపడని సంగతి. ఏ ఇల్లూ ఆయన్ని ఉన్న పేరుతో పిలవలేదు. గేటు దగ్గర ఎవరైనా అడిగితే ఒక ఇంట్లో దూరపు చుట్టం, ఇంకో ఇంట్లో పొలం బేరానికొచ్చిన పెద్దమనిషి. కొత్తపేట దగ్గర ఒక సంపన్న గృహంలో ఆయన్ని మోటారు బాగుచేసే మనిషిగా పరిచయం చేశారు. పక్కింటాయన గోడ మీంచి తొంగి చూసి, "మా మోటారూ మొరాయిస్తోందండీ, ఓసారి చూసి పెడతారా?" అన్నాడు. "ఆయ్, రేపొస్తానండీ" అన్నారు ఈయన. మర్నాడు నిజంగా ఒక మెకానిక్కుని వెంటబెట్టుకుని వెళ్ళి దగ్గరుండి బాగుచేయించారు. ఆ కథ చెప్పి పడీపడీ నవ్వేవారు. నేను నవ్వలేకపోయేదాన్ని.

"దొంగతనానికి వచ్చినట్టు ఎందుకండీ బాబాయి గారూ ఈ వేషాలు?" అని ఓసారి నిలదీశాను.

"గుమ్మం దాటడం ముఖ్యం అమ్మాయ్. ఏ పేరుతో దాటితే ఏంటి?"

ఆ జవాబు నాకు అప్పుడూ నచ్చలేదు. ఆయన పోయాక కూడా నచ్చలేదు.

ఆయన మా గుమ్మం కూడా దాటారు. మా వారు లెక్కల ఉపాధ్యాయులు. తాగేవారు. ఉదయం లేవలేకపోతే బడికి ఫోను చేసి "జ్వరమండీ" అని చెప్పే బాధ్యత నాది. భద్రం గారు మొదటిరోజే నాతో అన్నారు: "రేపట్నించి ఆ ఫోను మీరు చెయ్యొద్దమ్మా. చెప్పుకునేదేదో ఆయన్నే చెప్పుకోనివ్వండి." ఆ మాట వినగానే ఆయన్ని ఇంట్లోంచి పంపించేయాలనిపించింది. కానీ విన్నాను. ఒక్కసారిగా మాన్పిస్తే ఫిట్స్ రావచ్చని ఆయనే మా వారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ తర్వాత నెలల తరబడి మా హాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మా ఇల్లు నిలబడ్డాక నేనూ శిక్షణ తీసుకుని ఆయన వెంట ఈ పనిలోకి వచ్చాను. నాకు గురువూ, పినతండ్రీ ఆయనే.

కిందటేడు ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. కాళ్ళు వాచాయి, పొట్ట ఉబ్బింది. ఎప్పుడో యౌవనంలో తాగిన తాగుడికి దెబ్బతిన్న కాలేయం, ఇరవయ్యేళ్ళకు పైగా ఓర్చుకుని, చివరికి చేతులెత్తేసింది. వైద్యులు చెప్పింది అదే. ఊరికి వైద్యులతో పనేముంది? పచ్చటి కళ్ళు చూసింది, తీర్పు చెప్పేసింది. ఆయన ఎవరెవరి ఇళ్ళలో భోజనం చేశారో, ఎవరి కొడుకుల్ని మనుషుల్ని చేశారో ఆ ఇళ్ళవాళ్ళే "ఇక రాకండి" అని కబురు పెట్టారు. ఆయన ఒంటి సంగతి వాళ్ళకి తెలియక కాదు. తెలుసునని చెబితే, ఎలా తెలుసని ఎవరైనా అడుగుతారు. అడిగితే తమ ఇంటి సంగతి బయటపడుతుంది. తమ పరువు కోసం ఆయన పరువుని ఇంత తేలిగ్గా గోదాట్లో కలిపేశారు.

పుకారు ఎవరి ప్రాణం తీస్తుందో మాట్లాడేవాడికి తెలియదు. ఉప్పలగుప్తం దగ్గర సతీష్ అని ఒక యువకుడు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చి రొయ్యల చెరువుల మీద పనిచేస్తున్నాడు. భద్రం గారి ఆసరాతో మానేసి, నెలలుగా నిలకడగా ఉన్నాడు. టీ కొట్టు దగ్గర ఈ మాట విన్నాడు. ఆ సాయంత్రమే తాగాడు. వాళ్ళమ్మ నాకు ఫోను చేసి విరుచుకుపడింది: "మీ పెద్దాయనే తాగుతుంటే, మా వోడికేం చెబుతారండీ మీరు?"

ఆ మాట నేను భద్రం గారికి చెప్పక తప్పలేదు. మంచం మీంచి లేచి, "ఆటోని పిలు అమ్మాయ్" అన్నారు. వరలక్ష్మి గారు తలుపుకి అడ్డం నిలబడ్డారు. "మీకేం పట్టిందండీ? వాళ్ళు నమ్మకపోతే పోనివ్వండి."

"నన్ను నమ్మకపోతే నాకేం నష్టం లేదే. ఈయనే మానలేకపోయేడంటే నేనెంత అనుకుంటున్నాడా కుర్రాడు. అది పోగొట్టాలి."

వెళ్ళాం. ఎండ మండిపోతోంది. సతీష్ తల్లి గుమ్మంలోనే ఆపేసింది. "రావొద్దన్నాను గదండీ."

"ఆయ్, ఎల్లిపోతానండీ. మంచినీళ్ళిచ్చి పంపండి" అని అరుగు మీద కూలబడ్డారు ఆయన. ఎంత కోపమున్నా, దాహమన్న మనిషికి నీళ్ళివ్వకుండా ఉండలేదు గదా ఆవిడ. లోపలికి వెళ్ళింది. సతీష్ బయటికొచ్చాడు. తల ఎత్తలేదు.

"మీరూ తాగేరంట గదండీ" అన్నాడు.

"దగ్గరికి రా. వాసన చూడు."

సతీష్ కదల్లేదు. ఆ ముసలాయన తనే స్తంభం పట్టుకుని లేచి, ఆ అబ్బాయి మొహం దగ్గర మొహం పెట్టి నోరు తెరిచారు. చావుకి దగ్గరపడ్డ మనిషి, తన నోటి వాసన చూపించి నిర్దోషినని నిరూపించుకోవలసి వచ్చింది. ఆ దృశ్యానికి కారకులైన ఒక్కొక్కరినీ నేను బతికుండగా క్షమించను.

"అప్పుడు తాగింది ఇప్పుడు బయటపడింది బాబూ. ఇప్పుడు తాగింది కాదు."

సతీష్ ఇంకో ప్రశ్న వేశాడు. "మరి మానేసీ ఏం లాభమండీ? చచ్చిపోతున్నారు కదా."

భద్రం గారు మళ్ళీ కూర్చున్నారు. "మానకపోతే ఆ ఏడే పోయేవాణ్ణి. మానేను కాబట్టి మా అమ్మాయి పెళ్ళిలో పెళ్ళికొడుకు కాళ్ళు కడిగేను. పట్టుకోడానికి పక్కన మనిషి లేకుండా, నా అంతట నేను కూచుని, నా అంతట నేను లేచేను. మా ఆవిడ ఆ రోజంతా నా వంక భయంగా చూళ్ళేదు. నాకు దక్కింది అదిరా. నీకింకా చాలా దక్కుద్ది."

గుమ్మంలో గ్లాసు పట్టుకుని నిలబడ్డ తల్లి ఏడుస్తూ ఆ నీళ్ళిచ్చింది. సతీష్ మర్నాడే మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఇప్పటికి మానేసే ఉన్నాడు. రేపటి మాట నేను చెప్పను. భద్రం గారూ ఎవరి గురించీ చెప్పేవారు కాదు.

అంత్యక్రియల రోజున భద్రం గారి ఇంటి ముందు వేసిన కుర్చీలు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. పాడె మోసిన భుజాల్లో ఒకటి మా వారిది, ఒకటి సతీష్‌ది. ఆయన మేలు చేసిన కుటుంబాలన్నీ కదిలి వస్తే ఆ వీధి పట్టేది కాదు. వస్తే, ఎందుకొచ్చారని జనం అడుగుతారు గదా! పాడె లేవకముందు, మధ్యాహ్నం ఒక కారు వీధి మలుపులో ఆగింది. అద్దాలు దించలేదు. డ్రైవరు దిగి, పెద్ద గులాబీల దండ పట్టుకుని వచ్చాడు.

"ఎవరు పంపేరు బాబూ?" అని అడిగారు వరలక్ష్మి గారు.

"పేరు చెప్పొద్దన్నారండీ."

ఆవిడ కన్నీళ్ళు తుడుచుకుని, నేను ఎన్నడూ వినని కంఠంతో అన్నారు: "పేరు చెప్పుకోలేని దండ మాకొద్దు. తీసుకెళ్ళిపో నాయనా."

ఆ డ్రైవరు ఏం చేస్తాడు? దండతోనే తిరిగి వెళ్ళిపోయాడు. కారూ వెళ్ళిపోయింది.

ఆ కారులోని పెద్దలకీ, గుమ్మాలు మూసిన కుటుంబాలకీ ఒక మాట. మీరిది చదువుతారని నాకు తెలుసు. మీ పేర్లు నేను బయటపెట్టను. గడప లోపల విన్నది గడప లోపలే ఉంచాలని ఆయన నేర్పారు. చచ్చేదాకా పాటిస్తాను. కానీ మీ వీధిలో ఎవరైనా "ఆయన మళ్ళీ తాగేరంట" అంటే, "లేదండీ, తాగలేదు" అని ఒక్కసారి అనండి. బతికినన్నాళ్ళూ ఆయన మిమ్మల్ని ఏమీ కోరలేదు. నేను కోరుతున్నాను.

కోనసీమలో ఇళ్ళకి లోటు లేదు. ఆ ఇళ్ళలో తాగేవాళ్ళకీ, వాళ్ళ పక్కన నిద్రలేని వాళ్ళకీ లోటు లేదు. వాళ్ళింట్లో నెలల తరబడి కుర్చీ వేసుకుని కూర్చోగలిగిన మనిషి మాత్రం ఇక లేడు. నేను తిరుగుతున్నాను, తిరుగుతాను. అయినా ఆయన అడిగినట్టు "నిద్దరెలా పడుతోందండీ" అని అడగడం నాకింకా పట్టుబడలేదు. పట్టుబడుతుందన్న నమ్మకమూ లేదు.

ఈ వ్యాసం ముందు రాసినప్పుడు మా ఇంటి సంగతి "ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో" అని రాశాను. మా వారు చదివి, కళ్ళజోడు తీసి, "ఎవరా ఉపాధ్యాయుడు?" అన్నారు.

"మీ బడిలో పిల్లల తల్లిదండ్రులు చదువుతారండీ" అన్నాను.

"చదవనీ. ఆయనొచ్చి కూచున్నది మనింట్లో. మనిల్లని రాయి. నా పేరు కూడా వెయ్యి."

వేస్తున్నాను. మా వారి పేరు సోమేశ్వరరావు. లెక్కల మాస్టారు. ఆయన తాగేవారు, మానేశారు. మానడానికి పక్కన కూర్చున్న వీరభద్రరావు గారికి మా ఇద్దరి సాష్టాంగ నమస్కారం.