కాటాలో బెల్లం

కరువు ఏట పిల్లల ముందు బెల్లం పెట్టి లెక్కలు చెప్పడమేమిటని మా అయ్యవారి మీద నాకు ఇప్పటికీ కోపమే. కాటా అరువిచ్చిన అంగడాయన, తూకం రాళ్లు గడప దాటితే లక్ష్మి పోతుందని వాటిని ఇవ్వలేదట. బదులుగా ఒకే అచ్చులో పోసిన బెల్లం ముక్కలిచ్చి, సాయంత్రానికి అన్నీ వెనక్కి రావాలన్నాడట.

ఎడమ తట్టలో ముడివేసిన గుడ్డమూట, దాని పక్కన మూడు ముక్కలు. కుడి తట్టలో ఏడు. ముల్లు నిటారుగా నిలిచింది. మూటలో ఎన్ని ఉన్నాయో విప్పకుండా చెప్పాలి. అయ్యవారు సమీకరణం రాయడానికి నల్లబల్ల వైపు తిరిగారు. మళ్లీ ఇటు చూసేసరికి ఎడమ తట్ట పైకి లేచి ఉంది.

“ఎవురు తినింది?”

నా పక్కనున్న పిల్ల బుగ్గ ఉబ్బి ఉంది. మింగలేక, కక్కలేక చేత్తో నోరు మూసుకుంది. అయ్యవారు నేరుగా వచ్చి ఆమె ముందు ఆగారు. బెత్తం లేచింది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

దెబ్బ వినబడలేదు. కళ్లు తెరిస్తే ఆయన కాటా దగ్గర ఉన్నారు. కుడి తట్టలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నారు. ముల్లు మళ్లీ నిటారుగా నిలిచింది.

“ఒకపక్క తీస్తే రెండోపక్కా అంతే తీయాల. ఇంగ రెండుపక్కలా రెండేసి తీస్తే, మూటలో ఎన్ని ఉండాయి?”

“నాలుగు సార్!” అని అరిచాం.

ఆయన వినలేదు. ఆబగా వేళ్లు నాకుతున్నారు. పస్తులున్నది మేమే అనుకున్నాం, అప్పటిదాకా.