జరీ అద్దం కింద చీమ

“…కంటికి నల్లగానే ఉండాయి గదా, ఇంగేం చూడాల మీరు?” అంటూ సుబ్బలక్ష్మమ్మ చక్కెర గిన్నెతో నిలబడింది. ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడిపే ఆమె భర్త వేణుగోపాల్ పెరట్లో బోర్లా పడుకుని, జరీని పరీక్షించే భూతద్దంతో చీమల జాతి తేలుస్తున్నాడు. శనివారాలు నల్లచీమలకు చక్కెర వేస్తే అంగడికి పట్టిన శని వదులుతుందని జోస్యుడు చెప్పాడు. ఎర్రచీమలు తింటే ఫలం లేదట. నేతగాడు తెచ్చిన ప్రతి చీరనూ వేణుగోపాల్ ఈ అద్దం కిందే చూస్తాడు. కొనేవాళ్లకు మాత్రం గద్దె మీద నుంచే విప్పి చూపిస్తాడు; అంత దూరానికి జరీ అంతా బంగారమే.

“నడుము ఎర్రగా ఉండాదే,” అన్నాడు నీరసంగా.

“అయితే ఇన్ని వారాల చక్కెరా వట్టిదేనా?”

అతను లేచి, అద్దం తుడిచి జేబులో వేసుకున్నాడు.

“ఇంగ చీమల్ని గూడా దూరం నుంచే చూద్దాం. చక్కెర వెయ్యి.”