వాడి పళ్లకు పని

కల్లూరులో మా అన్న కొత్త ఇల్లు కట్టుకున్న ఏడాది గేటుకు ఇత్తడి పిడి పెట్టించాడు, గోడకు తన పేరు చెక్కిన నల్లరాతి పలక పెట్టించాడు, గేటు పక్కన ఒక డాబర్‌మాన్ కుక్కను కట్టించాడు. ఈ మూడింటినీ ఒకే రకంగా చూశాడు. పిడినైనా పనిమనిషి అప్పుడప్పుడు తుడిచేది. కుక్కను ముట్టుకునేవాళ్లే లేరు.

అన్న రోడ్డు కాంట్రాక్టులు చేసేవాడు. పలుకుబడి ఉన్నవాళ్ల ఇళ్లకు పోయి, అక్కడ గేటు దగ్గర కుక్కలను చూసి, తనకూ ఒకటి ఉండాలనుకున్నాడు. బెంగళూరు నుంచి తెప్పించాడు. పిల్లగా ఉన్నన్నాళ్లు దాన్ని సోఫాలో కూర్చోబెట్టుకుని ఫొటోలు దిగాడు. కాళ్లు పొడుగై, వరండా నుంచి గేటు దాకా ఒక్క ఉరుకులో పోవడం మొదలుపెట్టగానే గొలుసు తెచ్చాడు. అంతే. ఉరకడానికే పుట్టిన జంతువుకు ఒక మంచం వేసేంత చోటు మిగిలింది.

ఏం చేస్తుంది? గొలుసు అందిన మేరకు ఉన్నవన్నీ కొరికింది. పూలకుండీ అంచు, కాళ్లు తుడుచుకునే పట్ట, గేటు రంగు, నీళ్ల మోటారుకు పోయే పైపు. ఒకరోజు అన్న ఇంటికి ఒక నాయకుడు వచ్చాడు. ఆయన మెట్ల దగ్గర విడిచిన తోలు బూటు ఒకటి కుక్కకు అందింది. లోపల కాఫీలు తాగి ఆయన బయటికి వచ్చేసరికి బూటు నాలుక వేరుగా, మడమ వేరుగా ఉన్నాయి. ఆయన నవ్వి, డ్రైవరు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. కారు మలుపు తిరిగిందో లేదో, అన్న మోటారు పైపు ముక్క తీసుకుని కుక్కను కొట్టడం మొదలుపెట్టాడు.

నేను అక్కడే ఉన్నాను. కొట్టిన ప్రతి దెబ్బకూ కుక్క గొలుసు చివరిదాకా పోయి, గొంతు పట్టేసి, వెనక్కి పడుతోంది. మళ్లీ అన్న కాళ్ల దగ్గరే పడుతోంది.

"ఎందుకన్నా అట్ల కొడతాండావు? కట్టేసిన కుక్క ఏం చేస్తాది?" అని అడ్డం పోయాను.

"నీకు తెల్దులేమ్మా. పెద్దమనిషి ముందర నా మానం తీసింది. దీనికి బుద్ధి రాదు. రేపు మనిషిని పిల్సి ఓర్వకల్లు రాళ్లకాడ ఇడిసిపెట్టి రమ్మంటా."

"నువ్వు యాడా ఇడిసిపెట్టొద్దు. గొలుసిప్పు. నేను తోలుకపోతా."

"నువ్వా? పొద్దున బడికి పోతే సాయంత్రం వస్తావు. నువ్వేం సాకుతావు?"

"నువ్వు సాకినట్ల మాత్రం సాకను."

పైపు అక్కడే పారేసి లోపలికి పోయాడు. నేనే గొలుసు విప్పాను. కోపంగా గుంజుతుంటే కొక్కెం చాలాసేపు ఊడలేదు.

నేనప్పుడు కోడుమూరు హైస్కూల్లో లెక్కల టీచరును. పెళ్లి చేసుకోలేదు. మా అమ్మా నేనూ కల్లూరులోనే, అన్న ఇంటికి కొంచెం దూరంలో, చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. ఇల్లు చిన్నదైనా వెనక చాలా ఖాళీ ఉండేది. పైన ఇంకో అంతస్తు వేస్తానని ఇంటాయన ఇసుక తోలించి, ఆ మాట మరిచిపోయాడు. ఇసుక కుప్ప అలాగే పడి ఉండేది.

కుక్కను చూసి అమ్మ వాకిట్లోనే నిలబడిపోయింది.

"బడికి పోయేది నువ్వు. ఈ దెయ్యాన్ని నా పాలు జేసి పోతావా?"

"అన్న వాన్ని సంపడానికి తోలతాండ్య అమ్మా."

అమ్మ వాడి గొంతు దగ్గర గొలుసు ఒరుసుకుపోయిన పుండు చూసింది. లోపలికి పోయి పసుపు, కొబ్బరినూనె కలిపి తెచ్చింది. అన్న వాడికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టాడు. మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. వాడు వాడే.

రోజూ తెల్లవారగానే కాలువ గట్టు మీద వాడితో పరుగెత్తేదాన్ని. తర్వాత స్నానం చేసి బస్సు పట్టుకునేదాన్ని. పరుగు వాడి కాళ్లకు సరిపోయింది, పళ్లకు సరిపోలేదు. నేను తిరిగి వచ్చేసరికి చీపురు పుల్లలుగా, మంచం నవారు పీలికలుగా, అమ్మ చెప్పులు చెరో మూల ఉండేవి. అమ్మ ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. నన్ను మాత్రం తిట్టేది.

"వానికి ఏదన్నా పని సూపీమ్మే. పనిల్యాక సస్తాండాడు."

కర్నూలు టౌనులో చేపల తొట్లు, లవ్ బర్డ్స్ అమ్మే ఒక షాపులో కుక్కల సామాన్లు కూడా పెట్టారని విని వెళ్లాను. ఎముక ఆకారంలో ఎర్రటి రబ్బరు బొమ్మ వేలాడుతోంది. నొక్కితే కీచుమంటుంది. షాపాయన దాన్ని నా చెవి దగ్గర నొక్కి చూపించాడు.

"ఫారిన్ మాల్ మేడమ్. ఎంత కొరికినా ఏం గాదు. కుక్కలు దీన్నిడిసి పెట్టవు."

ఆ చివరి మాట నిజమే. వాడు దాన్ని విడిచిపెట్టలేదు. కీచు, కీచు అని పెరడంతా తిరిగాడు. అమ్మ కూడా నవ్వింది. నేను అంట్లు తోముతున్నాను. కీచుమనడం ఆగిపోయింది. బయటికి వచ్చి చూస్తే ఎర్ర రబ్బరు ముక్కలు ఉన్నాయి, లోపల కీచుమనే పీక లేదు.

"మింగినాడమ్మే!" అని అమ్మ తల మీద చెయ్యి పెట్టుకుంది.

అన్నకు ఫోన్ చేశాను. జీపు పంపమన్నాను. "కుక్కను ఎక్కిస్తే సీట్లు నాశనమైతాయి. ఆటోలో పో" అని పెట్టేశాడు. రోడ్డు మీద షేర్ ఆటోలు ఆగి, కుక్కను చూసి, ఆగనట్టే పోయాయి. చివరికి గడ్డి తోలే ఒక లగేజీ ఆటో అతను జాలిపడి ఎక్కించుకున్నాడు. వెనక గడ్డిలో వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వాడికి అదేమీ తెలియదు. నా గాజులు నాకుతున్నాడు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి, వాంతి అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు. పీక బయటపడింది. గుండ్రటి ప్లాస్టిక్ ముక్క. దానికి అతుక్కుని ఎర్ర రబ్బరు తునకలు.

"తొందరగా తెచ్చినారు కాబట్టి సరిపోయింది మేడమ్. పేగులోకి పోయింటే కడుపు కోయాల్సొచ్చేది" అన్నాడు డాక్టరు.

వాణ్ణి ఇంటి దగ్గర దింపి, పీకనూ తునకలనూ కడిగి కాగితంలో చుట్టుకుని మళ్లీ టౌనుకు పోయాను. షాపులో జనం ఉన్నారు. మంచిదే అనుకున్నాను. కాగితం గల్లా బల్ల మీద విప్పాను.

"ఇదేంది?"

అతను వంగి చూశాడు. "మీ కుక్కకు పళ్లు శానా వాడి మేడమ్. బొమ్మ తప్పేం ల్యా."

"కుక్కకు పళ్లుంటాయని నీకు తెల్దా? పళ్లు లేని కుక్కల కోసం అమ్ముతాండావా?"

"ఎందరో కొంటాండారు. ఎవురూ ఇట్ల రాలేదు." అంతటితో ఆగలేదు. పక్కవాళ్ల వైపు చూసి, నవ్వు ఆపుకుంటున్నట్టు మొహం పెట్టి, "మీకు పిల్లలు ల్యారా మేడమ్?" అన్నాడు.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ ప్రశ్న నన్ను అంతకుముందు చాలామంది అడిగారు. పెళ్లిళ్లలో, స్టాఫ్ రూంలో, బస్సులో. ఎక్కడైనా తల వంచుకుని పక్కకు పోయేదాన్ని. ఆరోజు పోలేదు. పైన వేలాడుతున్న ఎర్ర ఎముకల్లో ఒకటి లాగి, అందరి ముందూ నోట్లో పెట్టుకుని, అంచును నా పళ్లతో కొరికాను. రబ్బరు చిరిగింది. వేలు పెట్టి పీకను ఊడబెరికి అతని ముందు పడేశాను.

"ఇవి కుక్క పళ్లు గావు. నా పళ్లు. అన్నం తినే పళ్లు. చూడు, ఎంతసేపు పట్టిందో."

నవ్వులు ఆగిపోయాయి. ఒక ఆమె చేతిలో అలాంటి ఎముకే ఉంది. ఆమె దాన్ని మెల్లగా మేకుకు తగిలించి బయటికి వెళ్లిపోయింది. నోరంతా రబ్బరు చేదు. ఇంటికి వచ్చి ఎంత పుక్కిలించినా పోలేదు. కోపమూ పోలేదు. ఎర్ర రంగు, కీచు శబ్దం, నవ్వే కుక్క బొమ్మ ఉన్న అట్ట, అవన్నీ కొనే మనిషి కోసం. కుక్క గురించి ఎవడూ ఒక్క క్షణం ఆలోచించలేదు.

అప్పటినుంచి ఏది కొన్నా నేనే పరీక్ష పెట్టేదాన్ని. వాడి నోట్లో పూర్తిగా దూరేది ఏదీ వద్దు. ఊడి వచ్చే ముక్క, కుట్టు, కన్ను, గంట ఉన్నది వద్దు. గోరు గుచ్చితే కొంచెం దిగాలి, అలాగని చిరగకూడదు. గోరు అసలే దిగకపోతే అది వాడి పన్నునే విరుస్తుంది. టెన్నిస్ బంతి తెస్తే వాడు దాన్ని నారింజపండులా ఒలిచేశాడు. క్రికెట్ బంతి దారాలు మింగబోతుంటే నోట్లో చెయ్యి పెట్టి లాగాను.

కోడుమూరు సంతలో తాళ్ల అంగడికి పోయాను. అన్నీ నైలానే. పచ్చవి, నీలివి, మెరిసేవి. నైలాను పోగు చిగుళ్లను కోస్తుంది. నూలు తాడు కావాలంటే అంగడాయన నన్ను వింతగా చూశాడు. చుట్టూ పత్తి పండే నేల, ఆ సంతలో పత్తి తాడు లేదు! దానికీ కోపమొచ్చింది. ఆ రోజుల్లో నాకు కోపం తెప్పించనిదంటూ ఏదీ లేదు. చివరికి మా బడిలో పనిచేసే ఒక టీచరు తన మామగారి ఇంట్లో పాత ఎద్దుల పగ్గాలు మూలన పడి ఉన్నాయని తెచ్చిచ్చింది. లావుపాటి నూలు పగ్గాలు. ఉడకబెట్టి, ఎండేసి, రెండు చివరలా పిడికిలి కంటే పెద్ద ముడులు వేశాను. వాడికి అది పట్టుకుని లాగడమంటే ప్రాణం. ఒక చివర వాడు, ఒక చివర నేను. బడిలో, బస్సులో పోగైన చిరాకంతా ఆ తాడు మీదే తీర్చుకునేదాన్ని. వాడూ అంతేనేమో.

ట్రైనింగు కోసం హైదరాబాదు పోయినప్పుడు మందపాటి నల్ల రబ్బరు కడియం ఒకటి దొరికింది. లోపల పీక లేదు, రంగు లేదు. గోరు గుచ్చి, మెలితిప్పి, నేలకేసి కొట్టి చూశాక కొన్నాను. అది ఏళ్ల తరబడి వచ్చింది.

అసలైన ఆట కనిపెట్టింది మాత్రం అమ్మ. ఒక మధ్యాహ్నం జొన్నరొట్టె ముక్కలను పాత తువ్వాలులో చుట్టి, వదులుగా ముడి వేసి, ఇసుక కుప్పలో పూడ్చింది. వాడు వాసన పట్టి, తవ్వి, ముడి విప్పి తినేసరికి ఎండ వాలింది. తిన్నాక మంచం కింద పడి నిద్రపోయాడు. ఆ తర్వాత రోజుకో చోట పూడ్చేది. అన్ని వస్తువులూ ఒకేసారి ఇస్తే వాడికి విసుగు పుడుతుందని, ఒకటి ఇచ్చి మిగతావి అటక మీద దాచేది. చీపురు బతికింది. చెప్పులు బతికాయి.

వేసవి దాటాక ఒక ఆదివారం అన్న వచ్చాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. వాడు వాకిట్లో కూర్చుని కడియం నములుతున్నాడు. అన్న చెప్పులు పక్కనే విడిచినా వాటి జోలికి పోలేదు.

"అబ్బా, శానా బుద్ధొచ్చినాదే! మనిషి లెక్కుండాడు. సరేగానీ, ఇంగ ఇంటికి తోలుకపోతా. వచ్చే వారం మనింట్లో ఫంక్షనుండాది. పెద్దపెద్దోళ్లొస్తాండారు" అన్నాడు.

"రాళ్లకాడ ఇడిసి రమ్మన్యావు గదన్నా?"

"అప్పుడేదో కోపంలో అన్యా. దుడ్లు పెట్టి తెచ్చింది నేను. కుక్క నాది."

"పీక మింగి సస్తాండ్య అంటే జీపు ఇయ్యల్యా నువ్వు. నీదెట్లయితాది? మళ్లా గేటుకు కట్టేసి, వచ్చినోళ్లకు సూపిస్తావు. వాడు బూటు కొరికితే మళ్లా పైపు తీస్తావు. ఇయ్యను. ఏం జేసుకుంటావో జేసుకో."

"అన్ననని ల్యాకుండా కుక్క కోసం ఇంత మాటంటాండావా?"

"అంటాండా."

మా గొంతులు పెద్దవయ్యేసరికి వాడు లేచాడు. నేను భయపడ్డాను, మొరుగుతాడేమో, కరుస్తాడేమో అని. కరిచినా బాగుండునని కూడా అనిపించింది. వాడు వెనక్కి పోయి, ఇసుక అంటిన తాడు నోట కరుచుకుని వచ్చి, తోక ఊపుతూ అన్న కాళ్ల మీద పెట్టాడు. తెల్ల ప్యాంటుకు ఇసుకా చొంగా అంటుకున్నాయి. అన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. వాడు తాడును ముక్కుతో ఇంకొంచెం ముందుకు తోశాడు. అంత దెబ్బలు తిని, ఆ చేతులకే తాడు ఇస్తున్నాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది, అన్న మీద కోపం ఇంకా పెరిగింది.

అమ్మ అంతసేపూ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడూ కొడుకు మాటకు ఎదురు చెప్పని మనిషి.

"ఆ కొస పట్టుకోరా. పట్టుకొని లాగు. వాడడిగేది అంతే" అంది.

అన్న ప్యాంటు దులుపుకున్నాడు. అమ్మ వైపు చూశాడు, తాడు వైపు చూడలేదు. "మీకిద్దరికీ పిచ్చి పట్టినాది" అని వెళ్లిపోయాడు. ఆ ఫంక్షనుకు మమ్మల్ని పిలవలేదు. కుక్క కోసం అన్నతో తెంచుకుందని చుట్టాలు చాలాకాలం చెప్పుకున్నారు. చెప్పుకోనిచ్చాను.

జీపు చప్పుడు పోయేదాకా వాడు తాడు ముందు కూర్చునే ఉన్నాడు. అమ్మ వచ్చి, చీర కొంగు నడుముకు దోపుకుని, ముడి ఉన్న కొస రెండు చేతులా పట్టుకుంది.

"రా నాయనా, నేనుండా" అంది.

వాడు ఒక్కసారి లాగేసరికి అమ్మ రెండడుగులు ముందుకు వచ్చింది. పడలేదు. కాళ్లు తన్నిపెట్టి, పళ్లు బిగించి, వాడి మీద కేకలేస్తూ వెనక్కి లాగింది.